కొత్త ఇంటికి గ్యాస్ ఫర్నేసా, హీట్ పంపా? బిల్డర్ కాగితాల మీద సంతకం పెట్టేలోపు ఇలా తేల్చుకోండి

అమెరికాలో కొత్త ఇల్లు బుక్ చేసుకుంటున్న మనవాళ్ళు క్వార్ట్జ్ రంగు కోసం, క్యాబినెట్ హ్యాండిళ్ళ కోసం డిజైన్ సెంటర్లో పూటలకి పూటలు గడుపుతారు. హీటింగ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "బిల్డర్ ఏది పెడితే అదే" అని వదిలేస్తారు. క్వార్ట్జ్ నచ్చకపోతే ఐదేళ్ళ తర్వాత మార్చుకోవచ్చు. హీటింగ్ అలా కాదు, దాదాపు పదిహేనేళ్ళు మీతోనే ఉంటుంది, దాని డక్టులు, గ్యాస్ పైపు, కరెంటు ప్యానెల్ నుంచి వచ్చే వైరు అన్నీ గోడల్లోకి, అటక మీదకి వెళ్ళిపోతాయి. డ్రైవాల్ పడ్డాక మార్చాలంటే గోడ కోయాల్సిందే. కాబట్టి ఈ పని సంతకాల ముందే పెట్టుకోండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టెక్సస్, జార్జియా, కరోలినాల లాంటి చోట్ల ఇంట్లోకి గ్యాస్ అసలు తీసుకోకుండా ఉండగలిగితే హీట్ పంపే మేలు. మిషిగన్, ఇల్లినాయ్, మిన్నెసోటాల్లో గ్యాస్ ఫర్నేసు ఉంచుకుని, దానికి జతగా వచ్చే ఏసీ బదులు హీట్ పంపు పెట్టించుకోండి. న్యూజెర్సీ, కాలిఫోర్నియా వాళ్ళు మాత్రం కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోవాలి, అక్కడ ఊరు మారితే కరెంటు రేటు మారుతుంది, రేటు మారితే జవాబూ మారుతుంది. ఇంకో రాష్ట్రంలో ఉన్న బావగారో, ఆఫీసు ఫ్రెండో "మా ఇంట్లో ఇది సూపర్" అన్నారని మాత్రం తీసుకోకండి, వాళ్ళ చలి వేరు, వాళ్ళ బిల్లు వేరు.

ముందు తెలియాల్సింది

ఫర్నేసు గ్యాస్‌ని మండించి, ఆ వేడిని ఫ్యాన్‌తో డక్టుల్లోకి పంపిస్తుంది. హీట్ పంపు దేన్నీ మండించదు. ఫ్రిజ్ లోపలి వేడిని తీసి వెనక నుంచి బయటికి వదిలినట్టు, ఇది బయటి గాలిలో ఉన్న వేడిని లాగి ఇంట్లోకి తెస్తుంది, ఎండాకాలంలో అదే మెషిన్ తిరగబడి ఏసీగా పనిచేస్తుంది. అంటే ఏసీకి ఒక రివర్సింగ్ వాల్వు, ఇంకొన్ని భాగాలు కలిపితే హీట్ పంపు. మీరు ఎలాగూ ఏసీ కొంటున్నారు కాబట్టి పోల్చాల్సింది "ఏసీ ప్లస్ ఫర్నేసు" ధరని "హీట్ పంపు" ధరతో. చాలామంది ఉత్త ఫర్నేసు ధర పక్కన మొత్తం హీట్ పంపు ధర పెట్టి "అమ్మో" అనుకుంటారు. బిల్డర్ సేల్స్ ఏజెంటు కూడా అలాగే చెప్తే, రెండు ప్యాకేజీలకీ విడివిడిగా రేటు రాసిమ్మని అడగండి.

మొదటి పని: ఇంట్లోకి గ్యాస్ రావాలా వద్దా, వంటింట్లో తేల్చండి

హీటింగ్ గురించి మాట్లాడుతూ వంటిల్లు ఏమిటంటారా? మన ఇళ్ళల్లో అసలు నిర్ణయం అక్కడే జరుగుతుంది. పొయ్యి కోసం గ్యాస్ కనెక్షన్ తీసుకున్నారంటే, మీరు ఒక్క థర్మ్ (గ్యాస్ కొలిచే యూనిట్) కాల్చినా కాల్చకపోయినా నెలనెలా ఫిక్స్‌డ్ చార్జి కట్టాల్సిందే, జులైలో కూడా. ఆ చార్జి ఎలాగూ పడుతున్నప్పుడు ఫర్నేసు లెక్క బాగా కనిపిస్తుంది. పొయ్యికి గ్యాస్ వద్దనుకుంటే మొత్తం లెక్క తిరగబడుతుంది. అంకెలు కింద చూపిస్తాను, ముందు ఇంట్లో వంట చేసేవాళ్ళతో కూర్చుని మాట్లాడండి.

ఇండక్షన్ మీద మన వంట జరుగుతుందా అంటే, చాలావరకు బ్రహ్మాండంగా జరుగుతుంది. పోపు గ్యాస్ కంటే త్వరగా చిటపటలాడుతుంది, పాలు కాచేటప్పుడు వేడి ఠక్కున తగ్గుతుంది, ఇనప దోశ పెనం చక్కగా వేడెక్కుతుంది. జరగనివి కూడా ఉన్నాయి. పచ్చడికి వంకాయ మంట మీద కాల్చలేరు, పుల్కా నేరుగా మంట మీద పొంగదు, అమ్మ ఇండియా నుంచి మోసుకొచ్చిన అల్యూమినియం కుక్కరూ, హిండాలియం మూకుడూ పనికిరావు. ఒక ఫ్రిజ్ మ్యాగ్నెట్ తీసుకుని గిన్నెల అడుగున పెట్టి చూడండి, గట్టిగా అంటుకుంటే పనిచేస్తుంది, జారిపోతే లేదు. గృహప్రవేశం రోజు పాలు పొంగించడానికి ఇత్తడి గిన్నె గానీ వెండి గిన్నె గానీ అనుకుంటే అది కూడా ఇండక్షన్ మీద వేడెక్కదు. ముహూర్తానికి పది నిమిషాల ముందు ఈ సంగతి తెలిస్తే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు, కాబట్టి చిన్న కరెంటు కాయిల్ స్టవ్ ఒకటి దగ్గర పెట్టుకోండి. వంకాయలకీ, పెద్ద డీప్ ఫ్రైలకీ బయట ప్యాటియోలో ప్రొపేన్ సిలిండర్ స్టవ్ పెట్టుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, నా దృష్టిలో అది మంచి దారి. ఆ స్టవ్ ఇంట్లోగానీ గరాజ్‌లోగానీ వెలిగించకండి, కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోతాయి.

ఇంట్లో పెద్దావిడ "మంట కనపడకపోతే నాకు వంట రాదు" అంటే అదీ నిజమైన కారణమే, దాన్ని పక్కన పడేయకండి. అప్పుడు గ్యాస్ తీసుకోండి, లెక్క దానికి తగ్గట్టు వేసుకుందాం.

రెండో పని: రేట్లు పట్టుకుని లెక్క వేయండి

మీరు కొనబోయే ఊళ్ళో ఇప్పటికే ఉంటున్నవాళ్ళని ఒక జనవరి గ్యాస్ బిల్లు, ఒక కరెంటు బిల్లు అడగండి. బిల్లు మీద రాసున్న ఎనర్జీ రేటు ఒక్కటే చూస్తే సరిపోదు, డెలివరీ చార్జీ, పన్నులు అన్నీ కలిపి యూనిట్‌కి ఎంత పడుతోందో చూడాలి. కరెంటు యూనిట్ అంటే కిలోవాట్ అవర్. గ్యాస్ కొన్నిచోట్ల థర్ముల్లో, కొన్నిచోట్ల సీసీఎఫ్‌లో (వంద ఘనపుటడుగులు) ఉంటుంది, రెండూ దాదాపు సమానమే. గ్యాస్ ఫిక్స్‌డ్ చార్జిని మాత్రం వేరుగా రాసుకోండి.

ఒక థర్మ్ అంటే లక్ష బీటీయూలు (బీటీయూ అంటే వేడిని కొలిచే యూనిట్), అంటే 29.3 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి. మామూలు హీటర్ అయితే 29.3 యూనిట్లూ కాల్చాలి. హీట్ పంపు ఒక యూనిట్ కరెంటుతో రెండు మూడు యూనిట్ల వేడి ఇంట్లోకి తెస్తుంది, ఆ నిష్పత్తినే సీఓపీ అంటారు. బయట చలి పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. బ్రోచర్లో సీఓపీ ఉండకపోవచ్చు, హెచ్‌ఎస్‌పీఎఫ్2 అనే అంకె ఉంటుంది, దాన్ని 3.4తో భాగిస్తే సీజన్ మొత్తానికి సగటు సీఓపీ వస్తుంది. కనీస ప్రమాణమైన 7.5 ఉన్న మెషిన్‌కి సుమారు 2.2, 8.5 ఉంటే 2.5, 10 ఉంటే 2.9. డాలస్ లాంటి తక్కువ చలి ఊళ్ళలో దీనికంటే కొంచెం బాగానే వస్తుంది.

ఇప్పుడొక ఉదాహరణ. కరెంటు యూనిట్ 13 సెంట్లు, గ్యాస్ థర్మ్ 1.20 డాలర్లు, గ్యాస్ ఫిక్స్‌డ్ చార్జి నెలకి 25 డాలర్లు అనుకుందాం. చలికాలం మొత్తానికి ఇంటికి 300 థర్ముల వేడి కావాలి. 96 శాతం ఏఎఫ్‌యూఈ (కాల్చిన గ్యాస్‌లో వేడిగా ఇంట్లోకి చేరే వంతు) ఉన్న ఫర్నేసులో ఒక థర్మ్ వేడికి 1.25 డాలర్లు, మొత్తం 375. ఫిక్స్‌డ్ చార్జి ఏడాదికి 300. కలిపి 675. సీఓపీ 2.5 ఉన్న హీట్ పంపు అయితే 29.3ని 0.13తో గుణించి 2.5తో భాగిస్తే థర్మ్‌కి 1.52, మొత్తం 457 డాలర్లు, ఇంకే చార్జీ లేదు. అంటే గ్యాస్ కనెక్షనే లేకపోతే హీట్ పంపు ఏడాదికి 200 డాలర్లకి పైగా మిగులుస్తుంది. పొయ్యి కోసమో, నీళ్ళ హీటర్ కోసమో గ్యాస్ ఎలాగూ తీసుకున్నారనుకోండి, అప్పుడు ఆ 300 రెండు వైపులా ఉన్నట్టే కాబట్టి ఫర్నేసే 80 డాలర్లు చవక. అదే ఇల్లు, అవే రేట్లు. వంటింటి సంగతి ముందు తేల్చమన్నది ఇందుకే. నీళ్ళ హీటర్ కూడా ఇదే లెక్కలోకి వస్తుంది, దానికీ హీట్ పంపు రకం దొరుకుతుంది.

కరెంటు 30 సెంట్లు ఉన్న ఊరైతే? సీఓపీ 3 వచ్చినా థర్మ్ వేడికి 2.93 డాలర్లు అవుతుంది, గ్యాస్ 1.50 ఉన్నా ఫర్నేసులో 1.56కే వస్తుంది. అక్కడ సోలార్ లేకుండా హీట్ పంపు బిల్లు నొప్పి పెడుతుంది. కాలిఫోర్నియాలో 2020 నుంచి కొత్త ఇళ్ళకి సోలార్ తప్పనిసరి చేశారు కాబట్టి అక్కడ లెక్క కొంత మారుతుంది, కానీ ప్యానెళ్ళు ఎండలో చేసే కరెంటుకీ, హీటింగ్ అడిగే జనవరి రాత్రికీ పొంతన ఉండదని గుర్తుపెట్టుకోండి. ఊరికి దూరంగా పెద్ద స్థలం కొని గ్యాస్ లైను లేక ప్రొపేన్ ట్యాంకు అనుకుంటున్నవాళ్ళకి పెద్దగా లెక్క అక్కర్లేదు, చాలా చోట్ల హీట్ పంపే గెలుస్తుంది.

టాక్స్ క్రెడిట్ గురించి ఒక్క మాట. హీట్ పంపుకి 2,000 డాలర్ల వరకు వచ్చిన ఫెడరల్ క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో అయిపోయింది, అది ఉన్నప్పుడు కూడా పాత ఇళ్ళలో మార్చుకున్నవాళ్ళకే, కొత్తగా కట్టిన ఇంటికి వర్తించలేదు. ఎవరైనా అది చూపించి అమ్మబోతే నమ్మకండి. రాష్ట్రం, కరెంటు కంపెనీ ఇచ్చే రిబేట్లు మాత్రం వేరు, వాటిని విడిగా వెతకండి.

మూడో పని: మాన్యువల్ జె కాగితం అడగండి

గ్యాస్ తీసుకున్నా హీట్ పంపు తీసుకున్నా, సైజు తప్పితే రెండూ ఏడిపిస్తాయి. "500 చదరపు అడుగులకి ఒక టన్ను" (టన్ను అంటే మెషిన్ సైజు, గంటకి 12,000 బీటీయూలు) అని నోటి లెక్కతో పెట్టేసే కాంట్రాక్టర్లు ఇంకా ఉన్నారు. ఇప్పటి ఇళ్ళు పాతవాటికంటే బిగుతుగా, ఇన్సులేషన్ బాగా వేసి కడుతున్నారు, ఆ పాత లెక్కతో పెడితే అవసరానికి మించిన మెషిన్ వస్తుంది. పెద్ద ఏసీ ఐదు నిమిషాలు తిరిగి ఆగిపోతుంది, ఇల్లు చల్లబడుతుంది కానీ తేమ పోదు. పెద్ద ఫర్నేసు భగ్గున వేడి కొట్టి ఆగుతుంది, హాల్లో చెమట, మేడ మీద బెడ్‌రూమ్‌లో చలి.

మాన్యువల్ జె అంటే ఇంటికి గదివారీగా ఎంత వేడి, ఎంత చల్లదనం కావాలో వేసే లెక్క. ఆ రిపోర్టు పీడీఎఫ్ ఇమ్మని ఈమెయిల్లో అడగండి, ఫోన్లో అడిగితే "అంతా కోడ్ ప్రకారమే సార్" అంటారు, అక్కడితో అయిపోతుంది. వచ్చాక మొదట చూడాల్సింది ఇల్లు ఏ దిక్కుకి ఉన్నట్టు రాశారో. మనం తూర్పు ముఖం ప్లాటు కోసం ప్రీమియం కట్టి మరీ తీసుకుంటాం. తూర్పు ముఖం ఇంటికి వెనకవైపు పడమర, ఈ ప్లాన్లలో వెనకవైపే ఫ్యామిలీ రూమ్, దానికి నిలువెత్తు కిటికీలు. టెక్సస్‌లో ఆగస్టు సాయంత్రం ఐదింటికి ఆ గదిలోకి వచ్చే ఎండ ఏమిటో అక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు. బిల్డర్లు చాలాసార్లు ఒకే ప్లాన్‌కి ఒకే రిపోర్టు చేయించి అన్ని ప్లాట్లకీ వాడేస్తారు. మీ దిక్కుకి వేసిన లెక్క కావాలని అడగడంలో తప్పేం లేదు. తర్వాత డిజైన్ టెంపరేచర్ (లెక్క కోసం తీసుకునే బయటి చలి, ఎండల హద్దు) మీ ఊరిదేనా, కిటికీల కొలతలు, అటక ఇన్సులేషన్ మీరు కాంట్రాక్టులో తీసుకున్నవేనా చూడండి. బోనస్ రూమ్, మీడియా రూమ్ ఆప్షన్ తీసుకుంటే అవీ అందులో ఉండాలి.

ఇంకో సంగతి, హీట్ పంపు గాలి ఫర్నేసు గాలి అంత వేడిగా ఉండదు కాబట్టి ఎక్కువ గాలి తోలాలి, దానికి డక్టులు వెడల్పుగా, ప్రతి బెడ్‌రూమ్ నుంచి గాలి వెనక్కి వెళ్ళే దారితో ఉండాలి. డక్టుల లెక్కని మాన్యువల్ డి అంటారు, అదీ అడగండి.

నాలుగో పని: మీ ఊరి చలికి మెషిన్ సరిపోతుందా

హీట్ పంపు డబ్బా మీద "3 టన్నులు" అని ఉంటే అది అన్ని వేళలా గంటకి 36,000 బీటీయూలు ఇస్తుందని కాదు. స్పెక్ షీట్‌లో 47 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఎంత, 17 దగ్గర ఎంత, 5 దగ్గర ఎంత అని వేరువేరుగా ఉంటుంది. మీ ఇంటికి డిజైన్ టెంపరేచర్ దగ్గర కావాల్సిన వేడి మాన్యువల్ జెలో ఉంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, మెషిన్ ఇచ్చేది తక్కువైతే ఆ తేడాని హీట్ స్ట్రిప్పులు పూరిస్తాయి. స్ట్రిప్పులంటే ఉత్త కరెంటు కాయిల్స్, వాటి సీఓపీ 1. ఒక 10 కిలోవాట్ల స్ట్రిప్పు గంటసేపు తిరిగితే 10 యూనిట్లు, 13 సెంట్ల చొప్పున 1.30 డాలర్లు. ఏడాదిలో నాలుగు రాత్రులు తిరిగితే పర్వాలేదు, డెట్రాయిట్‌లో నెలల తరబడి తిరిగితే బిల్లు చూసి గుండె జారిపోతుంది. "హీట్ పంపు పెట్టాక బిల్లు డబులైంది" అనే చాలా ఫిర్యాదుల వెనక ఉండేది ఈ స్ట్రిప్పులే.

చలి రాష్ట్రాల్లో అయితే ఎనర్జీ స్టార్ కోల్డ్ క్లైమేట్ ముద్ర ఉన్నదే అడగండి. ఆ ముద్ర రావాలంటే 5 డిగ్రీల దగ్గర కూడా సీఓపీ కనీసం 1.75 ఉండాలి, 47 డిగ్రీల దగ్గర ఇచ్చే వేడిలో కనీసం 70 శాతం ఇవ్వాలి. బిల్డర్లు స్టాండర్డ్‌గా పెట్టే చవక మెషిన్లకి ఇది సాధారణంగా ఉండదు.

ఇక్కడే డ్యూయల్ ఫ్యూయల్ పనికొస్తుంది. లోపల గ్యాస్ ఫర్నేసు, బయట ఏసీ బదులు హీట్ పంపు. బయట 35 డిగ్రీల దాకా హీట్ పంపు తిరుగుతుంది, ఇంకా పడిపోతే ఫర్నేసు అందుకుంటుంది, స్ట్రిప్పులతో పనే లేదు. ఏ డిగ్రీ దగ్గర మారాలన్నది పైన వేసిన లెక్క ప్రకారం థర్మోస్టాట్‌లో మీరే పెట్టుకోవచ్చు. షికాగో, మినియాపోలిస్ వైపు కడుతున్నవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే, ఏసీకీ హీట్ పంపుకీ ఉన్న తేడా కట్టండి చాలు, అక్టోబర్, నవంబర్, మార్చి, ఏప్రిల్ నెలలు కరెంటుతో, గడ్డకట్టే నెలలు గ్యాస్‌తో గడుస్తాయి.

ఐదో పని: కరెంటు పోతే ఏం చేస్తారో ఆలోచించండి

2021 ఫిబ్రవరిలో టెక్సస్ మంచు తుఫానులో లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, డాలస్‌లో మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పడిపోయింది. అప్పటినుంచి "గ్యాస్ ఉంటే సేఫ్" అనే మాట మన వాట్సాప్ గ్రూపుల్లో స్థిరపడిపోయింది. ఫర్నేసు ఫ్యాన్ కూడా కరెంటుతోనే తిరుగుతుంది, ఆ తుఫానులో గ్యాస్ ఉన్న ఇళ్ళు కూడా గడ్డకట్టాయి. అయితే గ్యాస్‌కి ఒక అనుకూలత నిజంగా ఉంది, ఫర్నేసు ఫ్యాన్‌ని చిన్న జనరేటర్ లాగగలదు, హీట్ పంపుకి పెద్దది కావాలి. చంటిపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇల్లయితే ఏది తీసుకున్నా ప్యానెల్ పక్కన జనరేటర్ ఇన్‌లెట్ ఒకటి ఇప్పుడే పెట్టించండి, గోడలు మూసేముందు అది చిన్న ఖర్చు.

ఆరో పని: రెండో దారి మూసేయకండి

గ్యాస్ తీసుకున్నవాళ్ళు ఫర్నేసు దగ్గరికి, పొయ్యి వెనక్కి 240 వోల్టుల వైరు లాగించి పెట్టుకోండి, పొయ్యికి 50 ఆంప్స్ అడగండి. ప్యానెల్ 200 ఆంప్స్‌కి తగ్గకుండా చూడండి, కారు చార్జర్ కూడా దాని మీదే పడుతుంది. హీట్ పంపు తీసుకున్నవాళ్ళు వీధిలో గ్యాస్ లైను ఉంటే ఇంటిదాకా ఖాళీ పైపు వేయడానికి ఎంతో అడగండి, ఎక్కువంటే వదిలేయండి. 2025 జనవరి నుంచి తయారవుతున్న మెషిన్లలో ఆర్-454బి లేదా ఆర్-32 రిఫ్రిజిరెంట్ (మెషిన్ లోపల తిరిగే గ్యాస్, పొయ్యి గ్యాస్ కాదు) ఉంటుంది, పాత ఆర్-410ఏ స్టాకు మిగిలిందని పెట్టబోతే ఒప్పుకోకండి, మున్ముందు ఆ రిఫ్రిజిరెంట్ ధర పెరిగేదే.

ఇవన్నీ కాంట్రాక్టులో మోడల్ నంబర్లతో సహా రాయించండి. "హై ఎఫిషియెన్సీ హెచ్‌వీఏసీ" అని ఉత్తమాట రాసి ఇస్తే రేపు దేన్నైనా తెచ్చి పెట్టొచ్చు. డ్రైవాల్ ముందు జరిగే ఇన్‌స్పెక్షన్‌కి మీరు కూడా వెళ్ళి, డక్టుల కీళ్ళ దగ్గర బూడిద రంగు మాస్టిక్ (గాలి కారకుండా పూసే జిగురు) పూశారా, ఫ్లెక్స్ డక్టు ఎక్కడైనా మెలిపడి నొక్కుకుపోయిందా చూసి ఫోటోలు తీసుకోండి.

ఇంట్లో దిగాక, మొదటి చలికాలం

హీట్ పంపు పెట్టుకున్నవాళ్ళకి కొన్ని అలవాట్లు మారాలి. ఫర్నేసు గాలి 120 డిగ్రీలు దాటి వస్తుంది, వెంట్ దగ్గర చెయ్యి పెడితే కాలుతున్నట్టే ఉంటుంది. హీట్ పంపు గాలి 90 నుంచి 105 మధ్యలో ఉంటుంది, ఒంటి వేడి 98 కాబట్టి చేతికి గోరువెచ్చగా కూడా అనిపించకపోవచ్చు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట్ కింద నిలబడి "ఇది పాడైందేమోరా" అంటారు. వెంట్‌ని కాదు, థర్మోస్టాట్ మీద గది ఎంత ఉందో చూడండి, 70 ఉంటే అది పనిచేస్తున్నట్టే. వాళ్ళ గదికి 72 కావాలంటే పెట్టండి, కానీ అక్కడే ఉంచండి. రాత్రి 62కి దించి పొద్దున ఒక్కసారిగా 72కి పెంచితే స్ట్రిప్పులు లేస్తాయి, థర్మోస్టాట్ మీద ఆక్స్ (అదనపు హీటింగ్) అని వెలుగుతుంది, రాత్రంతా పొదుపు చేసింది ఒక గంటలో పోతుంది. ఎమర్జెన్సీ హీట్ బటన్ మాత్రం బయట మెషిన్ చెడిపోయినప్పుడు తప్ప ముట్టుకోకండి.

చలి పొద్దున బయటి యూనిట్ నుంచి పొగలాగా ఆవిరి లేచి, బుస్సుమని చప్పుడు చేసి, కొన్ని నిమిషాలకి మళ్ళీ మామూలైతే అది డీఫ్రాస్ట్, తన మీద పట్టిన మంచుని తనే కరిగించుకుంటోంది. రోజంతా మందంగా మంచు గడ్డ కరగకుండా ఉంటే అప్పుడు ఫోన్ చేయండి. ఫర్నేసు తీసుకున్నవాళ్ళు ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో దిగిన రోజే చూసుకోండి, ఏఎఫ్‌యూఈ 90 శాతం దాటిన ఫర్నేసుకి పక్కగోడ నుంచి బయటికి వచ్చే తెల్ల పీవీసీ గొట్టాలు మంచులో పూడిపోకుండా శుభ్రం చేస్తూ ఉండండి.

తాళాలు చేతికొచ్చిన వారంలోనే బయటి, లోపలి యూనిట్ల సీరియల్ నంబర్లు ఫోటో తీసి తయారీ కంపెనీ సైట్లో మీ పేరు మీద రిజిస్టర్ చేయండి. చాలా కంపెనీలు 60 లేదా 90 రోజుల్లో రిజిస్టర్ చేస్తేనే విడిభాగాల మీద పదేళ్ళ వారంటీ ఇస్తాయి, లేకపోతే అది ఐదేళ్ళే, బిల్డర్ మీ తరఫున చేశాడని అనుకోకుండా కన్ఫర్మేషన్ ఈమెయిల్ వచ్చిందో లేదో చూసుకోండి.